స్తంభం వెనక టేబులు

మిత్రమండలి వార్షిక విందుకి డ్రైవింగ్ మాస్టారిని ఇంటికొచ్చి మరీ పిలిచారు. ఆయనకి తగిలిన మొదటి దెబ్బ అదే.

అంతకుముందు ఏ ఏడూ ఆయన్ని ఎవరూ పిలవలేదు. పిలవాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. పెళ్ళికి పెళ్ళికొడుకుని ఎవరు పిలుస్తారు? విందు నెల రోజులుందనగానే ఆయనే అందరికీ ఫోన్లు చేసి, హాలు ఎవరు మాట్లాడారు, దీపాలు ఎవరు కట్టిస్తున్నారు, లక్కీ డ్రాకి బహుమతులు ఎవరిస్తున్నారు అని ప్రాణాలు తోడేసేవాడు. అలాంటిది ఈసారి మండలి అధ్యక్షుడే స్వయంగా వచ్చాడు. ఆయన ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు.

“మీరు రాకపోతే ఎలా మాస్టారూ! మీకో చిన్న సన్మానం కూడా అనుకున్నాం,” అన్నాడు డాక్టరు, గోడ అవతలి వాళ్ళకి కూడా వినపడేలా.

గొంతు పోయినవాళ్ళకి చెవులు కూడా పోతాయని చాలామందికి ఒక నమ్మకం. పళ్ళ డాక్టరు అంత చదువుకున్నా ఆ నమ్మకం ఆయనకీ ఉన్నట్టుంది.

“ఆయనకి వినపడుతుందండీ,” అంది మాస్టారి భార్య కాఫీ కప్పులు పెడుతూ.

“అయ్యో, తెలుసక్కయ్యగారూ!” అన్నాడు డాక్టరు ఇంకా గట్టిగా.

మాస్టారు చేతులు జోడించి, తల ఊపి, తప్పకుండా వస్తానని సైగ చేశాడు. డాక్టరు వెళ్ళాక చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడిపోయాడు.

ఊళ్ళో సగంమందికి బండి నడపడం నేర్పింది ఆయనే. ఆయన పక్క సీట్లో కూర్చుని “బ్రేకూ!” అని అరిస్తే తన బండే కాదు, ఎదురుగా వచ్చే బండ్లు కూడా ఆగేవని చెప్పుకునేవారు. అంత గొంతు. ఆ గొంతే ఆయన్ని మిత్రమండలిలోకి తీసుకెళ్ళింది. రక్తదాన శిబిరాలు, బడిపిల్లలకి బెంచీలు, ఎదుటి బండి కనపడని మలుపుల దగ్గర గుండ్రటి అద్దాలు, ఇలా మండలి ఏటా ఏదో ఒకటి చేసేది. అద్దాలు మాస్టారి ఆలోచనే. ఏడాదికోసారి సభ్యులంతా భార్యాపిల్లలతో కలిసి భోంచేసేవారు. ఆ రోజు మైకు ఆయనది. ఇరవై ఏళ్ళకు పైగా, మరొకరు మైకు ముట్టుకుంటే ఒట్టు.

మండలిలో ఆయనకి పదవేమీ లేదు. అధ్యక్షులు వచ్చేవారు, పోయేవారు. ఆయన మాత్రం ఉండేవాడు.

కిందటేడు విందు అయ్యాక గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, అరుపుల వల్లనన్నారు. చివరికి పెద్దాసుపత్రిలో కోసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు ఊపిరి మెడ దగ్గర పెట్టిన చిన్న కన్నంలోంచి వస్తుంది, పోతుంది. దాని మీద ఒక పలచటి గుడ్డ కట్టుకుంటాడు. మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి కొనిచ్చారు. ఇంట్లో ఒకసారి ప్రయత్నించాడు. వంటింట్లోంచి భార్య, “రేడియో పాడైనట్టుందండీ, కట్టెయ్యండి,” అంది. ఆవిడ తప్పేం లేదు, చూడలేదు కదా. కానీ ఆయన ఆ యంత్రాన్ని డబ్బాలో పెట్టేశాడు, మళ్ళీ తీయలేదు. చిన్నపిల్లలు రాసుకునే పలక, పైన కాగితం ఎత్తితే రాసిందంతా చెరిగిపోయేది, ఒకటి కొనుక్కుని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. డ్రైవింగ్ స్కూలు తమ్ముడి కూతురు చూసుకుంటోంది. ఆ పిల్ల అరవదు. మెల్లగా చెప్పి నేర్పిస్తుంది. అలాగైనా బాగానే నేర్చుకుంటున్నారట జనం.

విందు రోజు సాయంత్రం పెందలాడే తయారయ్యాడు. కోటు వేసుకుని, మెడ గుడ్డ మీద ఒక పట్టు రుమాలు చుట్టుకున్నాడు. భార్య దాన్ని సర్ది, కాస్త వదులు చేసి, “ఊపిరాడుతోందా?” అని అడిగింది. ఆడుతోందన్నట్టు తల ఊపాడు.

హాలు మెరిసిపోతోంది. గోడల పొడవునా రంగు దీపాల తోరణాలు, మధ్యలో పెద్ద పూలగుత్తి, టేబుళ్ళ మీద తెల్లటి గుడ్డలు, ప్రతి పళ్ళెం పక్కనా కోన్‌లా మడిచిన రుమాలు. పిల్లలు బుడగలు పేల్చుకుంటూ పరుగులు పెడుతున్నారు. ఆడవాళ్ళు ఒకరి చీరలు ఒకరు మెచ్చుకుంటున్నారు. వంటల వాసన గుప్పున వస్తూ ఉండి ఉంటుంది. మాస్టారికి తెలియలేదు. ముక్కుతో ఊపిరి పీల్చనివాడికి వాసనలెక్కడివి?

అలవాటుగా ఆయన తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళి వైరు ఎక్కడ వదులుగా ఉందో చూడబోయాడు. కార్ల షోరూం మేనేజరు పరుగున వచ్చాడు. మండలిలో చేరి రెండేళ్ళయింది. ఈసారి మైకు అతనిదే.

“మాస్టారూ, మీరు కూర్చోండి! ఇవన్నీ మేం చూసుకుంటాం కదా. మీరు ఇవాళ అతిథి!”

అతనూ మాస్టారి దగ్గరే బండి నేర్చుకున్నాడు. చెయ్యి పట్టుకుని, ముసలాయన్ని రోడ్డు దాటించినట్టు, ముందు వరసలో ఉన్న పెద్ద టేబులు దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. అధ్యక్షుడు, కార్యదర్శి, సిమెంటు వ్యాపారి, ప్లీడరు, వాళ్ళ భార్యలు, మధ్యలో మాస్టారు. ఒక కుర్చీ ఒక పేరు లెక్కన అట్టముక్కలు పెట్టారు. మాస్టారి పక్కన ప్లీడరు పేరుంది. భార్య కోసం వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ అప్పటికే లేదు. ఎవరూ చెప్పకుండానే తన చోటికి తను వెళ్ళిపోయింది. ఏటా ఎక్కడో ఒక చోట కూర్చునేదిగా, అక్కడే కూర్చుంది కాబోలు అనుకున్నాడు.

అధ్యక్షుడు గంట కొట్టాడు. విందు మొదలైంది.

ముందు సూపు తెచ్చారు. పొగలు కక్కుతోంది. అందరూ చెంచాతో తీసుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుని తాగుతున్నారు. మాస్టారు ఊదలేడు. గాలి నోట్లోంచి వస్తే కదా ఊదడానికి! ఇంట్లో అయితే భార్య రెండు గిన్నెల్లోకి తిరగబోసి చల్లార్చి ఇస్తుంది. ఇక్కడ చల్లారే దాకా చూస్తూ కూర్చున్నాడు. ఈలోగా వడ్డించేవాడు వచ్చి, వద్దనుకున్నాడని గిన్నె నిండుగా ఉన్నది ఉన్నట్టే తీసుకుపోయాడు. ఆగమని చెయ్యెత్తేసరికి వాడు నాలుగు కుర్చీల అవతల ఉన్నాడు.

“ఏంటి బావగారూ, సూపు నచ్చలేదా?” అన్నాడు సిమెంటు వ్యాపారి. అందరినీ బావగారూ అని పిలవడం ఆయన అలవాటు.

మాస్టారు పలక తీసి, ‘వేడి’ అని రాసి చూపించాడు.

సిమెంటు వ్యాపారి పలక అందుకుని, దాని కింద ‘ఇప్పుడు కూర బాగుంటుంది చూడండి’ అని రాసి తిరిగి ఇచ్చాడు. నోటితో చెప్పొచ్చని ఆయనకి తోచలేదు. అది చూసి ప్లీడరుకి సరదా వేసింది. “ఏదీ, ఇలా ఇవ్వండి,” అని తీసుకుని, పైన కాగితం ఎత్తాడు. మొత్తం మాయం! “భలే ఉందే!” అని అధ్యక్షుడికి పెద్ద మీసాలు పెట్టి బొమ్మ గీశాడు. పలక చేతులు మారింది. కార్యదర్శి భార్య పువ్వు వేసింది. ఎవరో లెక్కల పొడుపుకథ రాశారు. టేబులు చుట్టూ నవ్వులే నవ్వులు.

“పాత రోజులు గుర్తొచ్చాయి మాస్టారూ, మీరుంటే ఆ సందడే వేరు!” అన్నాడు డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మాటకి బదులు చెప్పాలనిపించింది మాస్టారికి. మంచి బదులే తట్టింది కూడా. కానీ పలక టేబులు ఆ చివర ఉంది. అది తిరిగొచ్చేసరికి కబుర్లు ఎవరో కొత్తగా కట్టుకున్న ఇంటి మెట్ల మీదికి వెళ్ళిపోయాయి. చేతికొచ్చిన పలక మీద సగం గీసిన కోడిపుంజు ఉంది. కాగితం ఎత్తి చెరిపేసి జేబులో పెట్టుకున్నాడు.

మైకు దగ్గర షోరూం మేనేజరు మొదలుపెట్టాడు. “మన అధ్యక్షులవారు బండి నేర్చుకునే రోజుల్లో, దీపస్తంభానికి గుద్దేశారట. దిగి, బానెట్టు ఎత్తి, లోపలికి చూసి, ‘నొప్పి ఎప్పట్నుంచీ?’ అని అడిగారట!”

హాలు ఘొల్లుమంది. డాక్టరు ఏటా నవ్వినట్టే తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఆ జోకు మాస్టారిది. షోరూం మేనేజరు దాన్ని దాచలేదు. “ఇది మన మాస్టారి ఆస్తి, నేను అద్దెకి తీసుకున్నాను,” అని కూడా అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ‘ఎప్పట్నుంచీ’ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అతను ఆగలేదు. అయినా జనం అంతే నవ్వారు. తను అంతగా సానబట్టిన ఆ ఒక్క క్షణం లేకపోయినా ఏమీ తగ్గలేదని మాస్టారికి అప్పుడు తెలిసింది.

తర్వాత సన్మానం. డాక్టరు నాలుగు మంచి మాటలు చెప్పి, చెక్కకి బిగించిన ఇత్తడి జ్ఞాపిక చేతిలో పెట్టాడు. ఫోటో తీశారు. అంతటితో అయిపోయేదే. కానీ షోరూం మేనేజరు ఉత్సాహంలో ఉన్నాడు. ఏటా మాస్టారు ప్రతి పెద్దమనిషి గురించీ చెప్పే మాట అతని నోట్లోంచి జారిపోయింది.

“ఇప్పుడు మాస్టారు మనకోసం రెండు ముక్కలు మాట్లాడతారు!”

అన్నాక గానీ అతనికి తెలియలేదు. నాలిక కరుచుకున్నాడు. హాల్లో చెంచాల చప్పుడు ఆగింది. ఎక్కడో ఒక బుడగ పేలింది.

జ్ఞాపిక పక్కనున్న బల్ల మీద పెట్టి మాస్టారు మైకు ముందు నిలబడ్డాడు. చేతులు వాటంతటవే మైకుని తన ఎత్తుకి సర్దాయి. వేలితో టక్ టక్ అని కొట్టాడు. ముందు వరసలో కొందరు చిరునవ్వు నవ్వారు. ఎదురుగా అన్ని ముఖాలు. వాటిలో సగం ముఖాలు స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కడం దగ్గరనుంచి చూసినవాడు ఆయన. చెప్పాల్సింది ఛాతీ నిండా సిద్ధంగా ఉంది. పెదవులు కదిలాయి. ‘అందరికీ నమస్కారం.’ ఊపిరి మెడ దగ్గర గుడ్డని ఒకసారి ఎగరేసి పోయింది. మైకుకి ఏమీ అందలేదు.

చేతులు జోడించాడు.

చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. మైకు పట్టుకుని బతికిన మనిషికి చప్పట్ల రకాలు తెలియకపోవు. ఇవి మెచ్చుకుని కొట్టేవి కావు. ఈ కష్టం తొందరగా గట్టెక్కితే బాగుండునని కొట్టేవి.

వేదిక దిగాడు. కుడివైపు దిగి ఉంటే పెద్ద టేబులు వచ్చేది. కాళ్ళు ఎడమవైపు తీసుకెళ్ళాయి. ప్రతి ఏడూ మైకు పని పూర్తయ్యాక కోటు తెచ్చుకోవడానికి అటే వెళ్ళేవాడు. చెమటలు పడతాయని కోటు విప్పి భార్య దగ్గర పడేసి, చివర్లో పరుగున వచ్చి తీసుకుని, “పద, పద,” అని బయల్దేరదీసేవాడు. ఎక్కడినుంచి తీసుకున్నాడో ఎప్పుడూ చూడలేదు.

హాలు చివర లావుపాటి స్తంభం ఉంది. దాని వెనక, వంటగది తలుపు పక్కనే, ఒక చిన్న టేబులు. నాలుగు కుర్చీలు. ఒక దాంట్లో ఆయన భార్య, పక్క కుర్చీ మీద ఆవిడ చేతిసంచి. మిగతా రెండూ ఖాళీ. వడ్డించే నడివయసు మనిషి ఒకామె ట్రే నడుముకి ఆనించుకుని నిలబడి ఉంది. భార్య ఆమెకి ఏదో చెబుతోంది. చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి, ఎవరినో అనుకరిస్తూ చెబుతోంది. తన భార్య అలా మాట్లాడడం మాస్టారు ఎప్పుడూ చూడలేదు.

ఆయన్ని చూడగానే ఆవిడ చేతులు ఆగిపోయాయి. “ఏమైందండీ? ఒంట్లో బాలేదా?”

బానే ఉందన్నట్టు తల ఊపాడు.

“ఈయనేనా పిన్నీ మాస్టారు?” అంది వడ్డించే ఆమె. “ఇన్నేళ్ళూ మేం కోటునే చూశాం!”

భార్య సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కూర్చున్నాడు. “సూపు తాగారా?” అని అడిగి, ముఖం చూసి తనే బదులు తెలుసుకుంది. “అనుకున్నాను. అమ్మా, ఒక గిన్నెడు సూపు, ఖాళీ గిన్నె ఇంకోటి తెచ్చిపెట్టవూ!”

సూపు వచ్చింది. భార్య నాలుగుసార్లు తిరగబోసి ఇచ్చింది. తాగాడు. అప్పటికి గానీ తనకి ఎంత ఆకలిగా ఉందో తెలియలేదు.

వంటగది తలుపు ఊగుతూనే ఉంది. ఊగినప్పుడల్లా లోపలినుంచి పళ్ళేలు తోముతున్న చప్పుడు, పొయ్యిల హోరు, ఎవరినో ఎవరో కేకేయడం. ముందువైపునుంచి ఒక పెద్ద నవ్వు అలలా వచ్చి స్తంభానికి కొట్టుకుని విరిగిపోయింది. మాస్టారు తల ఎత్తి చూశాడు. దూరంగా షోరూం మేనేజరు నోరు కదులుతోంది. మాట మాత్రం లేదు. బావిలోంచి వచ్చినట్టు బుం బుం అని ఏదో ఉంది, అంతే. స్పీకరు పెట్టెలు రెండూ స్తంభానికి అవతల, ముఖాలు అటు తిప్పుకుని ఉన్నాయి. వాటిని అలా పెట్టించింది ఆయనే. పెద్దవాళ్ళ టేబులుకి బాగా వినపడాలని ఏటా దగ్గరుండి పెట్టించేవాడు.

పలక తీశాడు. ‘ఇక్కడికి వినపడదా?’

“వినపడదు,” అంది భార్య, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. “ఈ తలుపు ఒకటి కదా.”

‘ఇన్నేళ్ళూ?’

“మీరు ఇంట్లో చెప్పుకునేవారుగా, స్నానాల గదిలో. అప్పుడు వినేదాన్ని.”

మాస్టారు పలక వంక, ఆవిడ వంక చూశాడు. ప్రతి ఏడూ తిరిగి వెళ్ళేటప్పుడు కారులో ఆయన అడిగే మొదటి మాట ఒకటే: “డాక్టరు జోకు ఎలా పేలింది?” ఆవిడ ఎప్పుడూ, “బాగా పేలింది,” అనేది. అక్కణ్ణుంచి ఇల్లు చేరేదాకా ఆయనే మాట్లాడేవాడు.

‘ముందుకొచ్చి కూర్చోవాల్సింది,’ అని రాశాడు.

“మొదటి ఏడు అడుగుదామనుకున్నాను. మీరు హడావిడిలో ఉన్నారు. ముందంతా పదవుల్లో ఉన్నవాళ్ళ ఆడవాళ్ళు. నా పేరు అట్టముక్క ఎక్కడా లేదు. ఇక్కడ ఖాళీ కనపడితే కూర్చున్నాను. తర్వాత ఇదే అలవాటైపోయింది.” ఆవిడ టేబులు గుడ్డ మీద ముడత సరిచేసింది. “నిజం చెప్పొద్దూ, మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత తర్వాత కాస్త హాయిగా కూడా ఉండేది. ఇంట్లో పొద్దస్తమానం మీ గొంతే కదా. ఇక్కడ రెండు గంటలు ఏమీ వినకుండా కూర్చునేదాన్ని.”

అని, ఎక్కువ మాట్లాడానేమోనన్నట్టు ఆయన ముఖం చూసింది. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. చెప్పమన్నట్టు చూశాడు.

“ఒక ఏడు లేచి వెళ్ళిపోయాను తెలుసా?” అంది ఆవిడ.

ఆయన కనుబొమలు పైకి లేచాయి.

“నిజంగానే. ఎందుకో ఆ రోజు కూర్చోలేకపోయాను. ఎవరైనా ఇటు వస్తారేమో, పలకరిస్తారేమో అని చూసి చూసి, లేచి ఈ వంటగదిలోంచే బయటికి వెళ్ళిపోయాను. ఇంటి దాకా నడిచాను. తాళం తీసి, దీపం వేసి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాను. రాత్రిపూట మీ గొంతు లేకుండా ఆ ఇల్లు అదే మొదటిసారి చూడడం. గడియారం చప్పుడు వినపడింది. మన ఇంట్లో గడియారం అంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. భయమేసింది.” ఖాళీ గిన్నెలు పక్కకి జరిపింది. “ఇప్పుడు రోజూ వినపడుతోందనుకోండి.”

మాస్టారు రాసే పుల్ల పలక మీద ఆనించాడు. రాశాడు. ‘మళ్ళీ ఎందుకొచ్చావు?’

“మీ కోటు కుర్చీ మీద వదిలేశాను కదా. ఎవరైనా పట్టుకుపోతారేమోనని.”

ముందునుంచి మరో నవ్వు వచ్చి స్తంభానికి తగిలింది. దాంతోపాటు చప్పట్లు. లక్కీ డ్రా మొదలైనట్టుంది.

“వచ్చేసరికి కోటు అలాగే ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. మీరూ వచ్చి, ‘పద, పద’ అన్నారు. కారులో డాక్టరు జోకు ఎలా పేలిందన్నారు.”

తర్వాత ఏమందో ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

మాస్టారు పలక మీద కాగితం ఎత్తి చెరిపాడు. ‘ఏ ఏడు?’ అని రాశాడు.

“గుర్తులేదండీ,” అంది. గుర్తుండే ఉంటుందని ఆయనకి అనిపించింది.

ఆయన పలక దగ్గరికి లాక్కున్నాడు. క్షమించమని రాద్దామని పుల్ల ఎత్తాడు. అంత చిన్న పలక మీద అది మరీ పిల్లచేష్టలా అనిపించి మానేశాడు. చివరికి రాసింది ఇది: ‘ఏ దారిన వెళ్ళావు?’

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, “ఇప్పుడా? విందు సగంలో ఉంది. అందరి గ్రూప్ ఫోటో ఇంకా తీయలేదు. మీ కోసం చూస్తారు,” అంది.

మాస్టారు లేచి నిలబడ్డాడు.

వడ్డించే ఆమె వంటగది తలుపు తన భుజంతో నెట్టి పట్టుకుంది. “జాగ్రత్త పిన్నీ, నేల తడిగా ఉంది,” అంది. పెద్ద పెద్ద గిన్నెల మధ్యనుంచి, తల ఎత్తి చూసిన వంటవాళ్ళ మధ్యనుంచి ఇద్దరూ వెనక వాకిట్లోకి వచ్చారు. అక్కడ ఖాళీ డబ్బాలు, ఒక పంపు, వీధిలోకి చిన్న గేటు. కారు ముందువైపు ఉంది. అటు వెళ్ళనేలేదు.

వీధిలో ఇంకా జనం ఉన్నారు. దుకాణాలు ఒక్కొక్కటీ మూస్తున్నారు. షట్టర్లు దించుతున్న చప్పుళ్ళు. నడిచే దారిలో వెలుతురు సరిగ్గా లేదు, పలక మీద రాసినా కనపడదు. అందుకని ఆయన ఏమీ అడగలేకపోయాడు. ఏమైనా తెలుసుకోవాలనిపిస్తే ఆవిడ మోచెయ్యి ముట్టుకునేవాడు. ఆవిడ ఆగి, ఏమిటో ఊహించి చెప్పేది. కొన్నిసార్లు సరిగ్గానే ఊహించింది.

“ఇక్కడ చెప్పుల దుకాణం ఉండేది. ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. ఆ మెట్టు మీద కాసేపు కూర్చున్నాను. చెప్పు కరిచింది ఆ రోజు.”

మోచెయ్యి ముట్టుకున్నాడు.

“ఏమో, కాసేపే. ఒకాయన వచ్చి, దుకాణం మూసేశామమ్మా అన్నాడు. చెప్పులు కొనడానికి వచ్చాననుకున్నాడు. రేపొస్తానన్నాను. ఏం చెప్పను మరి?”

మలుపు దగ్గర గుండ్రటి అద్దం ఉంది, మండలి పెట్టించినది. ఇద్దరూ అందులో చిన్నగా, వంకరగా కనిపించారు. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఆవిడ మాటలు మధ్య మధ్య ఆగిపోతున్నాయి. “నాకు ఇంతసేపు మాట్లాడే అలవాటు లేదండీ,” అని నవ్వింది ఒకసారి. “ఏదో ఒకటి మీరే అందుకునేవారుగా.” కాసేపు ఇద్దరి అడుగుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇంతకుముందు ఆయన అలాంటి చోట్లన్నీ మాటలతో నింపేసేవాడు. ఇప్పుడు అవి ఖాళీగా ఉండిపోయాయి. ఆవిడ పక్కనే నడుస్తోంది. అయినా ఆవిడ అప్పుడు ఒక్కతీ నడిచిన దారిలో తను ఇప్పుడు ఒక్కడూ నడుస్తున్నట్టుంది ఆయనకి. ఆ రోజు పక్కన ఉండాల్సింది. ఉండేందుకు ఇప్పుడు ఏ దారీ లేదు.

ఇల్లు వచ్చింది. ఆవిడ తాళం తీసి దీపం వేసింది. “ఇదిగో, ఇందులోనే,” అని కిటికీ పక్కనున్న కుర్చీ చూపించింది. మాస్టారు కోటుతోనే, బూట్లతోనే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన్ని చాలాసేపు అలా కూర్చోనిచ్చి, ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. ఇద్దరూ భోంచేయనే లేదు. మధ్యాహ్నం మిగిలిన అన్నం, పప్పు వేడి చేసి, రెండు కంచాలు బల్ల మీద పెట్టింది. ఆయన కంచంలో పప్పుని చల్లారేందుకు పలచగా పరిచింది.

అప్పుడు ఫోను మోగింది. అవతల పళ్ళ డాక్టరు.

“అక్కయ్యగారూ! మాస్టారేరీ? కాపలావాడు గేటు వేస్తానంటున్నాడు. ఒక్క కారు మిగిలిపోయింది, ఎవరిదా అని చూస్తే మీది. లోపలెక్కడైనా ఉన్నారేమోనని హాలంతా వెతికించాం.”

“మేం ఇంటికొచ్చేశామండీ.”

“ఎప్పుడు?”

ఆవిడ భర్త వంక చూసింది. “చాలాసేపైంది.”

“అయ్యో, చెప్పకుండానే వెళ్ళిపోయారా? ఎవరో ఒకరం దింపేవాళ్ళం కదా! గ్రూప్ ఫోటోలో కూడా లేరా అయితే?”

“లేమనుకుంటానండీ.”

“సన్మానం జ్ఞాపిక కూడా మర్చిపోయారు. కాస్త నలతగా ఉందా మాస్టారికి?”

“బానే ఉన్నారు. జ్ఞాపిక అక్కడే ఉండనివ్వండి. పొద్దున కారు కోసం వస్తాంగా.”

ఫోను పెట్టేసింది. ఏమిటన్నట్టు మాస్టారు చెయ్యి తిప్పాడు.

“మనం లేమని తెలిసిందట వాళ్ళకి,” అంది. “కాపలావాడు కనిపెట్టాడు.”

మాస్టారి భుజాలు కదిలాయి. ఊపిరి తెరలు తెరలుగా వచ్చి మెడ గుడ్డ రెపరెపలాడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపరేషను తర్వాత ఆయన నవ్వుకీ ఏడుపుకీ చప్పుడు లేదు. ఏది ఏదో ఆవిడ చూసి తెలుసుకోవాల్సిందే. ఈసారి ఎంత చూసినా తేలలేదు. రెండూ ఉన్నట్టనిపించింది.

అడగలేదు. కంచం ఆయన ముందుకి జరిపి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“చల్లారింది, తినండి,” అంది.